నరసాపురం జీతాల పట్టీలో నేపాలీ అమ్మాయి

మా ఆయనా నేనూ రాజమండ్రిలో, మా ఇంటి ముందు గదిలోనే, చాలా ఏళ్లు పన్నుల ఆఫీసు నడిపాం. చట్టంలో ఏ మాట ఎక్కడుందో, అది ఎప్పుడు మారిందో వెతికి పెట్టడం నా వంతు. వచ్చినవాళ్లకు దాన్ని అర్థమయ్యేలా చెప్పడం ఆయన వంతు. ఆయన పోయాక ఉన్న క్లయింట్లందరినీ తెలిసిన ఆడిటరుగారికి అప్పజెప్పి గదికి తాళం వేశాను. చట్టమే కాదు, అసలు ఏ పుస్తకమూ పది పేజీలు దాటి సాగడం లేదు. అలా ఏడాది కావస్తుండగా ఒక జూన్ ఉదయం ఒక అమ్మాయి గేటు తీసుకుని లోపలికొచ్చింది.

"టాక్స్ ఆఫీసు ఇదేనా అండి?"

"మూసేశామమ్మా."

"బోర్డు ఉందండి."

"తీయించాలి."

"తీయించేలోపు నాది ఒక్కటి చూస్తారా అండి?"

నవ్వు ఆపుకోలేకపోయాను. లోపలికి రమ్మని మంచినీళ్లిచ్చాను. అమ్మాయిది నేపాల్. రాజమండ్రి దగ్గర ఒక ఇంజనీరింగ్ కాలేజీలో మూడో సంవత్సరం అయిపోయింది, ఆఖరి సంవత్సరం మొదలవబోతోంది. తెలుగు హాస్టల్లో, షేర్ ఆటోల్లో నేర్చుకుందట. తడుముకోకుండా మాట్లాడుతుంది.

ఫీజంతా ఖాట్మండులోని ఒక ట్రస్టు కడుతోంది. వాళ్లకొక షరతు ఉంది. చదువుకునే కాలంలో విద్యార్థి ఎవరి దగ్గరా ఉద్యోగంలో ఉండకూడదు. సొంతంగా చిన్న చిన్న పనులు చేసుకుంటే అభ్యంతరం లేదు. అది సరిచూసుకోవడానికి ఏడాదికోసారి మన పన్ను శాఖ స్టేట్‌మెంటు పంపమంటారు. పాన్ నంబరు ఉన్న ప్రతి మనిషికీ ఆ ఏడాది ఎవరెవరు ఏమిచ్చారో, ఎంత పన్ను కోశారో అందులో కనిపిస్తుంది. ఈ అమ్మాయి ఎప్పటిలాగే పంపింది. ట్రస్టు నుంచి జవాబుగా మెయిలు వచ్చింది. ఫోన్ నా చేతికిచ్చింది.

మెయిలు మర్యాదగానే ఉంది. నరసాపురంలోని ఒక లేసు ఎగుమతి సంస్థ నుంచి మీకు ఏడాది పొడుగునా జీతం వచ్చినట్టు కనిపిస్తోంది, ఇది మా నిబంధనకు విరుద్ధం, నెలాఖరులోగా సరైన ఆధారాలతో వివరణ ఇవ్వకపోతే ఆఖరి సంవత్సరం ఫీజు చెల్లించలేం అని రాశారు.

"నేను జాబ్ చెయ్యలేదు ఆంటీ. ఒట్టు. డిజైన్లు గీసిస్తానంతే. కాంట్రాక్టు ఉందండి నా దగ్గర."

"ఫీజు కట్టకపోతే?"

"ఇంటికెళ్లిపోవాలి." ఆ ఒక్కసారి అండి అనలేదు.

నేను లేచి తాళంచెవి కోసం వెతికాను. అది ఎక్కడ పెట్టానో గుర్తు రావడానికి కొంతసేపు పట్టింది. గదిలో దుమ్ము, మూసిన గది వాసన. కిటికీలు తెరిచి, కంప్యూటరు మీద బట్ట తీసి, ఆ అమ్మాయి పాస్‌వర్డు కొడుతుంటే పక్కన నిలబడ్డాను. స్టేట్‌మెంటు తెరుచుకుంది. ఉన్నది ఒకటే వరస, జీతం అని. జీతం అనే ఆ మాట పక్కన ఏమేం ఉండాలి, ఏమేం లేవు అని నా కళ్లు వాటంతటవే వెతకడం మొదలుపెట్టాయి. కొన్ని నెలలుగా ఏ పేజీ మీదా నిలవని కళ్లు అవి.

"కూర్చో. మొదటినుంచీ చెప్పు," అన్నాను.

నరసాపురం చుట్టుపక్కల ఊళ్లలో ఆడవాళ్లు లేసు అల్లుతారు. ఎవరో ఒకావిడ చేసిన నమూనా చూసి మిగతావాళ్లు అల్లుకుపోవడం అక్కడి పద్ధతి, కాగితం మీద ఏమీ ఉండదు. ఇప్పుడు విదేశాల్లో కొనేవాళ్లు కొందరు లేసుతో పాటు అది అల్లే విధానం గీసిన చార్టు కూడా అడుగుతున్నారట. కాలేజీ ప్రాజెక్టు పనిమీద అక్కడికి వెళ్లిన ఈ అమ్మాయి ఒక నమూనా చూసి లాప్‌టాప్‌లో చార్టు గీసి చూపించింది. ఆ ఎగుమతి సంస్థ షావుకారుగారు ముచ్చటపడి అప్పటికప్పుడు పని అప్పగించారు. చార్టుకింత అని ఒప్పందం రాసుకున్నారు.

"అయినా నేను ఫారినర్ని కదా ఆంటీ, నాకు ఇండియాలో టాక్స్ ఏంటండి?"

"పన్ను చట్టం నువ్వు ఏ దేశం మనిషివని అడగదమ్మా. ఏడాదిలో ఎన్నాళ్లు ఇక్కడున్నావని అడుగుతుంది. సగం పైనే ఉన్నావా?"

"తిహార్‌కి, అంటే మా దీపావళికి, ఇంటికెళ్లడం తప్పితే ఇక్కడేనండి."

"అయితే పన్ను వరకు నువ్వూ నేనూ ఒకటే."

"ఓటు ఇవ్వరు గానీ టాక్స్ మాత్రం వేస్తారా అండి!"

నవ్వాను. ట్రస్టు చదువుకోసం ఇచ్చే డబ్బు మీద పన్ను లేదని, గీసిన బొమ్మల మీద వచ్చేది మాత్రం ఆదాయమేనని చెప్పాను. నేపాల్ వాళ్లకు మన దేశంలో పని చేసుకోవడానికి వీసా అడ్డురాదు, అది ఆమె అదృష్టం. ఆమె క్లాసులో ఆఫ్రికా నుంచి వచ్చిన ఇద్దరున్నారట, వాళ్లకూ ఇలాంటి పని ఇప్పించాలని అనుకుంటోందట. వద్దన్నాను. స్టూడెంటు వీసా మీద వచ్చినవాళ్లు డబ్బుకి పని ఒప్పుకుంటే పన్ను సంగతి తరవాత, ముందు వీసాకే ముప్పు. వాళ్ల పని అడగవలసింది విదేశీయుల రిజిస్ట్రేషన్ ఆఫీసును, నన్ను కాదు.

తరవాత మా ఆయన అడిగే ప్రశ్నలు అడిగాను. ఉద్యోగమా, స్వతంత్రంగా చేసే పనా అని తేల్చాల్సి వచ్చినప్పుడల్లా ఆయన కాగితం పక్కన పెట్టి ముందు మనిషిని అడిగేవారు. లాప్‌టాప్ ఎవరిది? నాదేనండి. ఏ వేళకి పని చెయ్యాలో ఎవరు చెప్తారు? ఎవరూ చెప్పరండి, పరీక్షలప్పుడు నెల రోజులు అసలు గీయలేదు. ఇచ్చిన పని కాదనొచ్చా? ఒకసారి కాదన్నానండి, నెమలి డిజైను, గీయడం రాలేదు.

"ఇంకెవరికైనా గీసిచ్చావా?"

"లేదండి," అంది. మిగతా జవాబులకన్నా తొందరగా వచ్చిందా జవాబు. నేను రెట్టించలేదు.

మర్నాడు పొద్దున్నే ఇద్దరం నరసాపురం బస్సెక్కాం. రావులపాలెం దాకా అమ్మాయి హుషారుగా మాట్లాడింది. సిద్ధాంతం వంతెన దాటుతుండగా మాట తగ్గింది. తరవాత కిటికీలోంచి బయటకి చూస్తూనే అంది.

"ఆంటీ, ఒకటి చెప్పాలండి. ఇంకొకళ్లకి కూడా గీశాను."

"ఎవరికి?"

"ఎదురు కొట్టు ఆయనకి."

షావుకారుగారికి ఎదురు కొట్టు ఆయన స్వయానా బాబాయి కొడుకట. ఒకప్పుడు ఒకటే వ్యాపారం. విడిపోయాక మాటల్లేవు. ఆయన మెయిలు పెడితే ఈ అమ్మాయి రెండు చార్టులు గీసిచ్చింది. చిన్న మొత్తం కావడంతో ఆయన పన్ను కోయలేదు, ఎక్కడా చూపలేదు. అందుకే స్టేట్‌మెంటులో ఆ వరస లేదు.

నాకు సంతోషం ఆగలేదు. బస్సులో ఉన్నామని కూడా చూడకుండా ఆ పిల్ల చెయ్యి పట్టుకుని ఊపేశాను. "పిచ్చిపిల్లా, నీ కేసుకి దీన్ని మించిన సాక్ష్యం ఏముంది! నెల జీతానికి కూర్చున్న మనిషి ఎదురు కొట్టుకి అదే పని అమ్ముకోగలదా? కోయకపోయినా, చూపకపోయినా అదీ ఆదాయమే. నీ రిటర్నులో మనమే రాద్దాం."

"కానీ అంకుల్‌గారికి తెలిస్తే ఫీలవుతారండి. నన్ను కూతుర్లా చూస్తారు. వాళ్లింట్లో భోజనం పెడతారు. ఎలా చెప్పనండి?"

"చెప్పకపోతే?"

మళ్లీ కిటికీ వైపు తిరిగింది. నేపాల్ నుంచి వచ్చిన పిల్ల మూడేళ్లలో తెలుగుతో పాటు గోదావరి జిల్లాల మొహమాటం కూడా పూర్తిగా నేర్చుకుంది. ఆ విషయం మా ఆయనకి చెప్పాలనిపించింది. ఆ పక్క సీటుకు తిరిగాను కూడా. అక్కడ ఎవరో పెద్దాయన నిద్రపోతున్నారు.

లేసు కొట్టు పాతకాలపు మిద్దె. ముందు గదిలో షావుకారుగారు, ఆయన పక్కన గుమాస్తా, లోపలి వసారాలో అల్లిన లేసులు అప్పగించడానికి వచ్చిన ఆడవాళ్లు. షావుకారుగారికి అరవై దాటి ఉంటాయి. మమ్మల్ని చూడగానే లేచి నిలబడ్డారు.

"రండి రండి చెల్లెమ్మా. పాప ఫోన్లో చెప్పింది. ముందు కాఫీ తాగండి, తరవాతే మాట్లాడుకుందాం. ఏంటి పాపా అలా చిక్కిపోయావు?"

కాఫీ తాగాక సంగతి చెప్పాను. ఆయన ముఖంలో చిన్న గర్వం కనిపించింది.

"అదా! నేనే ఎక్కించమన్నానండి జీతాల పట్టీలో. పోయిన దసరాకి స్టాఫందరికీ బోనసు, బట్టలు, పూతరేకుల డబ్బా ఇచ్చాం. పాప ఆ రోజు ఇక్కడే ఉంది. అందరికీ ఇచ్చి, ఈ పిల్లని ఊరికే పంపుతానా? ఊరుకాని ఊరొచ్చింది. ఏ లెక్కలో ఇవ్వాలండీ అని గుమాస్తాగారు పట్టుకున్నారు. మన మనిషే కదా, జీతాల్లో రాసెయ్యండి అన్నాను. ఏప్రిల్ నుంచీ ఇచ్చిందంతా అలాగే రాయించాను."

"వద్దని చెప్పానండి," అన్నాడు గుమాస్తా లెక్కల్లోంచి తలెత్తకుండా.

"ఎప్పుడు చెప్పారండి?"

"ఆయ్, దసరా రోజే చెప్పానండి. మీరు పూతరేకు నా నోట్లో పెట్టేశారు."

అమ్మాయి తెల్లబోయి చూస్తోంది. ఆ బోనసు పండగ కానుక అనుకుంది తప్ప, దానికోసం తనని ఉద్యోగి చేసేశారని ఆమెకి తెలియదు. ఒక మనిషికి పూతరేకులు పెట్టడానికి వీలుగా ప్రభుత్వానికి ఇచ్చే లెక్కని మార్చిన షావుకారుని నేను అంతవరకు చూడలేదు. కోపం తెచ్చుకుందామన్నా రాలేదు.

చెయ్యాల్సింది చెప్పాను. మీరు పంపిన జీతాల లెక్కలోంచి ఈ అమ్మాయి పేరు తీసి, బయటివాళ్లకు పనికి ఇచ్చిన చెల్లింపుల లెక్కలో చేర్చాలి. దాని మీద కోయాల్సిన పన్ను ఇప్పుడు కట్టాలి, ఆలస్యమైనందుకు కొద్దిగా వడ్డీ పడుతుంది. ఈమె ఉద్యోగి కాదని ఒక ఉత్తరం ఇవ్వాలి. మీరు కట్టిన పన్ను ఈ అమ్మాయి పేరునే జమవుతుంది. ఆమె రిటర్ను వేస్తే, ఆదాయం పరిమితి లోపలే గనక, అది తిరిగొస్తుంది. ఆ మేరకు తరవాతి బిల్లులో తగ్గించుకోండి.

ఆయన వెంటనే భీమవరంలోని తమ ఆడిటరుకి ఫోన్ చేసి స్పీకర్లో పెట్టారు.

"కదపకండి సార్," అంది ఫోన్లో గొంతు. "కదిపితే నోటీసు వచ్చినా రావచ్చు. నడిచిపోతోందిగా, నడవనివ్వండి."

"విన్నారుగా చెల్లెమ్మా. మా నాన్నగారి హయాం నుంచీ డిపార్ట్‌మెంటు నుంచి ఒక్క కాగితం రాలేదు ఈ కొట్టుకి."

"తప్పు దిద్దుకోవడానికి చట్టమే దారి పెట్టిందండి. మీ అంతట మీరు దిద్దితే అది దిద్దుబాటు. వాళ్లు కనిపెడితే అప్పుడు నోటీసు." ఫోన్లో ఆడిటరుతో మాట్లాడతానన్నాను. మాట్లాడాను. ఇంత గట్టిగా ఎవరితోనైనా వాదించి ఎన్నాళ్లయిందో. ఏ గడువులోగా దిద్దవచ్చో, ఏ స్టేట్‌మెంటులో ఏ వరస మారాలో పుస్తకం చూడకుండా చెప్తుంటే, నేను చదివినవన్నీ ఇంకా నాలో ఉన్నాయని తెలిసింది. ఆడిటరు చివరికి, "మేడమ్‌గారు చెప్పింది కరెక్టే. చేసేద్దాం. కానీ మీరు సంతకం పెట్టాలి సార్," అని ఫోన్ పెట్టేశారు.

షావుకారుగారు మాత్రం కదల్లేదు. నోటీసు భయం పోయినా ఆయన్ని ఇంకేదో పట్టుకుంది.

"అయితే పాప మా మనిషి కాదని నేను కాగితం మీద రాసివ్వాలన్నమాట."

ఆ మాట అన్న తీరు చూసి నేను చట్టం సంగతి పక్కన పెట్టాను. వసారాలో ఆడవాళ్లు లేసులు లెక్కపెట్టించుకుంటున్నారు. వాళ్లను చూపించి అడిగాను.

"వాళ్లు మీ జీతాల పట్టీలో ఉన్నారాండి?"

"లేదండి. ముక్కకింత అని ఇస్తాం. సూది వాళ్లది, దారం మాది. వాళ్లిళ్లలో వాళ్లు అల్లుకుంటారు."

"దసరాకి వాళ్లకి చీరలు పెట్టారా?"

"అదేం ప్రశ్న చెల్లెమ్మా! మా అమ్మ కాలంనాటి నుంచీ పెడుతున్నాం."

"మరి వాళ్లు మీ మనుషులు కారా?"

గుమాస్తా ఈసారి తలెత్తి నవ్వాడు. వసారాలోంచి ఒక పెద్దావిడ అందుకుంది. "బాగా అడిగారమ్మా! మమ్మల్ని జీతంలో వేసుకుంటానంటే మాత్రం వద్దండి షావుకారుగారూ. రోజూ పొద్దున్నే వచ్చి మీ మొహం చూడాలంటే మావల్ల కాదు."

"నా మొహానికేమైందే!" అన్నారాయన. కొట్టంతా నవ్వింది. ఆయనా నవ్వారు.

పని అయిపోయిందనుకున్నాను. ఉత్తరం రాసి ముందు పెట్టాను. ఆయన కళ్లజోడు పెట్టుకుని నిదానంగా చదివారు, పెన్ను తీశారు, మళ్లీ కింద పెట్టేశారు.

"ఒక్క మాట. నేను అబద్ధం రాయను చెల్లెమ్మా. వీళ్లు నాలుగు కొట్లకి అల్లుతారు, నాకు తెలుసు. ఎవరు ఎక్కువిస్తే వాళ్లకి. పాప అలా కాదు. మా పని తప్ప ఇంకొకరి పని ముట్టుకోదు. అలాంటి పిల్ల ఉద్యోగి కాదు, స్వతంత్రంగా పనిచేసే మనిషి అని నేను సంతకం పెడితే అది నిజం ఎలా అవుతుంది?"

నేను అమ్మాయి వైపు చూశాను. చెప్పాల్సింది తను. నేను చెప్తే అది చాడీ అవుతుంది.

అమ్మాయి లేచి నిలబడింది. దుపట్టా కొస వేలికి చుట్టుకుంటూ, "అంకుల్‌గారూ, నేను ఇంకొకళ్లకి కూడా గీశానండి," అంది.

"ఎవరికి?"

తల కొంచెం వీధివైపు తిప్పింది. షావుకారుగారు కూడా అటే చూశారు. వీధి అవతల కొట్టు అద్దాల వెనక గుండ్రటి తెల్లటి లేసు ఒకటి వేలాడుతోంది, చుట్టూ అనాసపళ్ల వరస.

"ఆ అనాసపండా?"

"ఆయ్ అండి."

ఆయన ముఖం ఎర్రబడింది. "దాన్ని చూసి నేను నెలరోజులు సరిగ్గా అన్నం తినలేదు తెలుసా! వాడికింత బుర్ర ఎక్కడినుంచి వచ్చిందిరా అని! గుమాస్తాగారూ, ఎవరు గీశారో కనుక్కోమని మిమ్మల్ని పంపానా లేదా?"

"పంపారండి."

"కనుక్కున్నారా?"

"కనుక్కున్నానండి." గుమాస్తా మళ్లీ లెక్కల్లోకి వంగాడు. "మీకు చెప్పే ధైర్యం లేక ఊరుకున్నానండి."

వసారాలో పెద్దావిడ గొంతు సవరించుకుంది. "గీసింది పాప కావచ్చు గానీ, అల్లింది మేమేనండి."

షావుకారుగారు ఒక్కొక్కరినీ మార్చి మార్చి చూశారు. లేచి వీధి అరుగు మీదకు వెళ్లి, కొట్టుకి వీపు పెట్టి నిలబడ్డారు. అమ్మాయి కళ్లల్లో నీళ్లు తిరిగాయి. ఆయన వెనక్కి వచ్చి ఒక్క క్షణంలో ఆ ఉత్తరం చింపేయవచ్చు. అప్పుడు ట్రస్టుకి పంపడానికి మా దగ్గర ఏమీ ఉండదు. నేను చీర కుచ్చిళ్లు పిడికిట్లో పట్టుకుని కూర్చున్నాను.

ఆయన వచ్చి కూర్చున్నారు. కళ్లజోడు పెట్టుకున్నారు.

"చెల్లెమ్మా, ఉత్తరంలో ఒక వాక్యం కలపండి. మాకే కాక ఇతర వ్యాపారులకు కూడా డిజైన్లు చేస్తున్నట్టు మాకు తెలుసును అని. ఎవరు, ఏంటి అక్కర్లేదు."

కలిపాను. సంతకం పెట్టి, సీలు వేసి, కాగితం అమ్మాయి వైపు తోశారు.

"ఎంతిచ్చాడు వాడు ఆ అనాసపండుకి?"

అమ్మాయి చెప్పింది.

"అంతేనా! నా పరువు తీయడానికి అంత చవగ్గా దొరికావా?" అని కసిరారు. "ఇకమీదట ఇలాంటివి ముందు నాకు చూపించు. నాకొద్దంటేనే వాడికి."

ఆమె నావైపు చూసింది. నేనేమీ సైగ చెయ్యలేదు. కళ్లు తుడుచుకుని, "అయితే అది కాంట్రాక్టులో రాసుకుందామండి అంకుల్‌గారూ. ముందు చూపించడానికి రేటు వేరేగా ఉంటుందండి," అంది.

పెద్దావిడ చప్పట్లు కొట్టింది. షావుకారుగారు నావైపు తిరిగి, "మీరే నేర్పారా ఇదంతా?" అన్నారు. నేను నేర్పలేదు. అంతకుముందు రోజు దాకా పన్ను చట్టంలో తాను ఏమవుతుందో ఆ పిల్లకే తెలియదు.

ఆ మధ్యాహ్నం వాళ్లింట్లో భోజనం చేశాం. వంకాయ కూర రెండోసారి అడిగి వేయించుకున్నాను. ఇంటికొచ్చాక గుర్తొచ్చింది, నేను మారు అడగడం మా ఆయన పోయాక అదే మొదలు.

తరవాతి రోజులు నాకు కుదురులేదు. ఆడిటరు దిద్దుబాటు పంపారు. కానీ పంపినంత మాత్రాన స్టేట్‌మెంటులో వెంటనే మారదు, శాఖవాళ్ల కంప్యూటర్లు తీరిగ్గా ఒప్పుకోవాలి. నెలాఖరు దగ్గరపడుతోంది. అమ్మాయి హాస్టల్ నుంచి రోజూ మా ఇంటికి వచ్చేది. కాఫీ పెట్టుకుని వెబ్‌సైటు తెరిచేవాళ్లం. జీతం. మూసేవాళ్లం. కాసేపాగి తెరిచేవాళ్లం. జీతం. ఈ లోపల ట్రస్టుకి రాయాల్సిన వివరణ తయారు చేశాం. నేను తెలుగులో చెప్తుంటే తను ఇంగ్లీషులో కొట్టింది. ఒక పేజీ దాటకూడదన్నాను. తను "అత్యంత వినమ్రతతో" అని మొదలుపెడితే కొట్టేయించాను. లాప్‌టాప్ నాది, వేళలు నావి, కాదన్న పనులు ఇవి, వేరేవారికి చేసిన పని ఇది, పండక్కి ఇచ్చిన కానుకతో పాటు చార్టులకిచ్చిన డబ్బునీ సంస్థవారు పొరపాటున జీతంగా చూపి దిద్దుకున్నారు. అంతే రాశాం.

ఒకరోజు బట్టలు ఆరేస్తుంటే లోపల్నుంచి కేక వినిపించింది. పరుగెత్తాను. జీతం వరస లేదు. దాని బదులు కొత్త వరస ఉంది, వృత్తిపరమైన సేవలకు చెల్లింపు అని, పక్కన కోసిన పన్ను. ఇద్దరం ఒకేసారి అరిచాం. పక్కింటావిడ గోడ మీదనుంచి, "ఏమైందండీ, లోపల ఎవరైనా పడ్డారా?" అంది. "జీతం పోయిందండి!" అని అమ్మాయి ఆనందంగా అరిచింది. పక్కింటావిడ అయ్యో పాపం అంది. మాకు నవ్వాగలేదు.

ఆ స్టేట్‌మెంటూ, షావుకారుగారి ఉత్తరమూ, మా పేజీ కలిపి పంపేశాం. గడువుకి ఇంకా రెండు రోజులున్నాయి.

ఎదురుచూసే ఆ రెండు రోజుల్లో రిటర్ను పనికి కూర్చున్నాం. ఎదురు కొట్టు ఆయన ఇచ్చింది కూడా ఆమె తన చేత్తోనే చేర్చింది. ఖర్చులకి లాప్‌టాప్, ఇంటర్నెట్, నరసాపురం బస్సు టిక్కెట్లు.

"టాక్స్ ఎంతొచ్చిందండి?"

"ఏమీ లేదు. కోసింది తిరిగి వస్తుంది."

ముఖం చిన్నబుచ్చుకుంది. "ఇంత గొడవ చేసి జీరోనా అండి? కొంచెమైనా కడదామనుకున్నాను."

పన్ను కట్టాలని ఉబలాటపడిన క్లయింటు మా ఆఫీసుకి అంతకుముందు రాలేదు. తొందరపడకు, ఆ రోజూ వస్తుంది అని చెప్పాను.

గడువు ఆఖరి రోజు మధ్యాహ్నం ఫోన్ మోగినట్టయి అమ్మాయి తీసి చూసింది. పైకి చదవమన్నాను. ట్రస్టువాళ్లు వివరణని అంగీకరించారు. ఆఖరి సంవత్సరం ఫీజు కాలేజీకి పంపుతున్నారు. స్వతంత్రంగా చేసే పనికి అభ్యంతరం లేదు, అయితే ఇకమీదట స్టేట్‌మెంటుతో పాటు వేసిన రిటర్ను కాపీ కూడా జతచేయాలి. అమ్మాయి అది చదివి, మళ్లీ చదివి, వాళ్లమ్మకి ఫోన్ చేసింది. నేపాలీలో ఏం చెప్పిందో నాకు తెలియదు. అవతల ఆవిడ ఏడుస్తూ నవ్వుతున్నట్టు వినిపించింది. ఫోన్ నా చేతికిస్తే నేను "బాగున్నారా" అన్నాను. ఆవిడ ఏదో అంది. ఇద్దరం ఒకరికొకరు అర్థంకాకుండా కాసేపు మాట్లాడుకున్నాం.

ఈ పూట ఉండి భోంచేసి వెళ్లు, పాయసం చేస్తాను అన్నాను. అమ్మాయి అప్పటికే లాప్‌టాప్ తెరుస్తోంది.

"అంకుల్‌గారికి సాయంత్రానికి నెమలి పంపాలండి. అప్పుడు రాలేదని చెప్పాను చూడండి, ఇప్పుడు వస్తోందండి."

"ఈ రోజు పంపనని చెప్పొచ్చుగా. నువ్వేం ఆయన ఉద్యోగివి కాదు."

"చెప్పొచ్చండి," అంది తోకలో కన్ను గీస్తూ. "కానీ బాగా వస్తోంది ఆంటీ, ఇప్పుడు ఆపలేను."

ఆమెను పని చేసుకోనిచ్చి, పాలు పొయ్యిమీద పెట్టడానికి నేను లోపలికి వెళ్లాను.